ఎడారి గులాబి బొజ్జ

ఎడీనియం మొక్కని చూడనివాళ్ళు ఇప్పుడు తక్కువ. నర్సరీ వాళ్ళు ఎడారి గులాబి అని అమ్ముతారు గానీ అది గులాబీ కాదు, మన గన్నేరుకి చుట్టం. పాలు కూడా అలాగే విషం. పుట్టిల్లు ఆఫ్రికా. దాని తోబుట్టువు ఒకటి దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అడవుల్లో, చుక్క వానలేని చలికాలంలో, ఒంటిమీద ఆకైనా లేకుండా విరగబూస్తుంది. వానలప్పుడు తాగిన నీళ్ళు మొదట్లో దాచుకుందిగా, అదీ దాని ధీమా!

ఆ ఉబ్బిన మొదలు చూసే మనం ముచ్చటపడతాం. కుండీ మార్చినప్పుడల్లా కాస్త పైకి లేపి నాటుతాం, బొజ్జ బాగా కనబడాలని. మరి మనిషి దాచుకుంటే పిసినారి అంటామేం?

పోచంపల్లిలో ఒక నేత ఇంటి అరుగుమీద ఈ మొక్కని చూసినప్పుడు నాకీ సందేహం వచ్చింది. అది దానానికి పేరుపడ్డ ఊరు కదా! 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలంటే, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలిస్తానన్నారు. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. గొప్ప సంగతే. కానీ భూస్వామి ఇవ్వడమూ, పోపులడబ్బాలో రెండొందలు దాచుకున్న ఇల్లాలు ఇవ్వడమూ ఒకే తూకమా? ముసురు పట్టి మగ్గం గుంటలో నీరు ఊరితే నేత ఆగిపోతుంది. ఆ నాలుగు రోజులకని దాచిన డబ్బుని లోభం అనడానికి నాకు నోరు రాదు.

అలాగని దాచిందల్లా న్యాయమనీ అనలేను. ఎడీనియం దాచింది ఎండల్లో ఖర్చు పెట్టేస్తుంది. మొదలు మెత్తబడి వడలిపోతుంది. నీళ్ళు మరీ ఎక్కువైతే ఆ మొదలే కుళ్ళిపోతుంది. మన లాకర్లలో బంగారానికి ఈ గుణం లేకపోయింది, ఏం చేస్తాం! పనిమనిషి కూతురి ఫీజుకైనా తెరుచుకోని ఆ తాళం ఏ ఎండాకాలం కోసమో మీరే చెప్పండి.

ఆ ఇంట్లో చిటికి కడుతున్నావిడని అడిగాను, "దాచుకున్నది ఎవరైనా అడిగితే ఇస్తావా అమ్మా?" అని.

"అడిగేటోళ్ళను బట్టి ఉంటది అక్కా," అంది, చేతిలో పని ఆపకుండానే. "పక్కింటోళ్ళకు నూలు తక్కువబడితే ఇస్త. మా ఆయన తాగనీకి అడిగితే మాత్రం, ఏడ దాచిన్నో నాకే యాదికి రాదు."