అడగని వారి బాకీ

పరలోక జపం మనం రోజుకు ఎన్నిసార్లు చెబుతామో లెక్క లేదు. ఉదయం లేవగానే, పూజలో, జపమాలలో, రాత్రి పడుకోబోయే ముందు. మన పెద్దలు ఆ జపాన్ని తెలుగు చేసినప్పుడు పెద్ద పెద్ద మాటల జోలికి పోలేదు. సంతలో, కిరాణా కొట్టులో వినబడే మాటనే తీసుకున్నారు: అప్పు. మత్తయి సువార్త గ్రీకు మూలంలో ఉన్న మాటకు అర్థమూ అదే. ఆ మాటకు ముందు ఏమున్నదో ఎప్పుడైనా గమనించారా? నేటికి కావలసిన అన్నం. అన్నమూ అప్పూ పక్కపక్కనే కూర్చున్నాయి, మన ఇళ్లలో మాదిరిగానే.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఆ రెండో సంగతి మాట్లాడుకుందాం. అప్పు చెయ్యకండి అనే ఉపన్యాసం మీరు విని విని విసిగి ఉంటారు. పైగా ఆ ఉపన్యాసం అప్పు చేసిన తరువాత ఎవరికీ పనికిరాదు. తీర్చేటప్పుడు వచ్చే ధర్మసందేహం వేరే ఉంది. నెల మొదట్లోనో, ధాన్యం అమ్మిన మర్నాడో చేతికి వచ్చిన కాసిని డబ్బులు ముందు ఎవరి చేతిలో పెట్టాలి?

మొదట ఒక మాట చెప్పి ముందుకు పోతాను. అప్పులో ఉన్నందుకు తల వంచుకోనక్కరలేదు. జాతీయ నమూనా సర్వే వారు 2019లో లెక్క తీసినప్పుడు, దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబాలలో సగం అప్పుల్లో ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు దేశంలో 74 వేల రూపాయలైతే మన దగ్గర రెండు లక్షల 45 వేలు. ఇంతమందీ సోమరులు, దుబారా మనుషులేనా? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి, కోసి పరిచిన పనలు నీళ్లపాలయ్యాయి. పొలం ఆసామిది, నష్టం కౌలు రైతుది. అటువంటి వాడు మళ్లీ అప్పు చేయక ఏం చేస్తాడు? పెళ్లిళ్లకూ ఓణీల ఫంక్షన్లకూ పందిళ్లు ఊరి చివరి దాకా వేసి, ఆ పందిరి కర్రల బాకీ కూడా మూడేళ్లు మోసేవారి సంగతి వేరు. వారి గురించి మరోసారి.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకోండి. రేపల్లె నుంచి తెనాలి వచ్చే రైలు దారి పక్క ఊళ్లలో అటువంటి ఇంటి కోసం వెతుక్కోనక్కరలేదు. భర్త రెండెకరాలు కౌలుకు చేస్తాడు. పని లేని రోజుల్లో తెనాలి వెళ్లి కూలి చేసి వస్తాడు. భార్య జాకెట్లు కుడుతుంది, డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. సొసైటీలో ఆమె గొలుసు తాకట్టులో ఉంది. ఊళ్లో ఒక పెద్దమనిషికి నూటికి రెండు రూపాయల వడ్డీకి రాసిన ప్రోనోటు ఉంది. సంఘం వాయిదా, పురుగుమందుల కొట్టులో ఖాతా, రోజువారీ ఫైనాన్సు ఉన్నాయి. ఇవిగాక, పిల్లవాడికి ఆపరేషన్ అయినప్పుడు బాపట్లలో ఉన్న అక్క చేబదులుగా ఇచ్చిన ముప్పై వేలున్నాయి. నాట్లకు వచ్చిన ఇద్దరు ఆడమనుషులకు ఇంకా ఇవ్వవలసిన కూలి ఉంది.

ఈ ఇంట్లో డబ్బు ఏ వరుసలో బయటికి పోతుందో మీకు తెలుసు. ఫైనాన్సు కుర్రాడు బండి మీద గుమ్మం ముందుకు వచ్చి, నలుగురూ వినేటట్టు పిలుస్తాడు గనుక అతనికి ముందు. సంఘంలో తోటి ఆడవాళ్లు మాట అంటారు గనుక తరువాత అది. మందుల కొట్టు వాడు వచ్చే పంటకు సరుకు ఇవ్వనంటాడు గనుక ఆ పిమ్మట అతనికి. అక్క అడగదు. కూలి మనుషులు రెండుసార్లు అడిగి మానేస్తారు, రేపు మళ్లీ పనికి పిలవరేమోనని. కాబట్టి వాళ్లకు ఏమీ మిగలదు. మనం అప్పులు తీరుస్తున్నామనే అనుకుంటాం. నిజానికి అరుపులకు వెల కడుతున్నాం. మన మీద దయ తలచి ఊరుకున్నవారికే మన చేతుల్లో అన్యాయం జరుగుతున్నది.

ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చడం తెలివైన పని కదా అని మీరడగవచ్చు. నిజమే, ఆ లెక్క కూడా చూద్దాం. ఫైనాన్సు వారు పదివేలని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకున్నారనుకోండి. వెయ్యి రూపాయలే కదా పోయింది అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరిగిపోతూ ఉంటుంది గనుక, సరిగా కడితే అది నెలకు నూటికి ఆరు రూపాయలు దాటిన వడ్డీ. దాన్ని వదిలించుకోవలసిందే. అలాగే నూటికి మూడు రూపాయల మీద తెచ్చిన ఇరవై వేలకు నెలకు 600 వడ్డీ. అదే ఇరవై వేలు బంగారం మీద ఏడాదికి తొమ్మిది శాతానికి దొరికితే 150. నెలకు 450 రూపాయలు ఇంట్లో మిగులుతాయి. ఈ మార్పు చేయగలిగినవారు బంగారం బీరువాలో దాచుకుని వడ్డీ కట్టడం అమాయకత్వం. అయితే ఎక్కువ వడ్డీ అని ముందు కట్టడం వేరు, గొంతు పెద్దదని ముందు కట్టడం వేరు. ఈ రెంటిలో మనం చేస్తున్నది ఏదో మనకు తెలుస్తూనే ఉంటుంది.

కూలి సంగతిలో మాత్రం ఏ లెక్కా అక్కరలేదు. కూలివాని జీతం తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం ఆదేశిస్తుంది. యాకోబు లేఖ ఇంకా కటువుగా, కోతకోసినవారికి ఎగవేసిన కూలే దేవునికి మొరపెడుతుందని హెచ్చరిస్తుంది. మనమే అప్పుల్లో ఉన్నాం గదా అన్నది ఇక్కడ సమాధానం కాదు. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో పొయ్యి వెలగడం ఆ డబ్బు మీదే ఆధారపడి ఉంది.

ఇక చట్టం సంగతి. ప్రోనోటు మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్లు గడువు ఇచ్చింది. ఆలోగా కొంత చెల్లించి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. అందుకే మూడేళ్లు నిండవచ్చే ముందు ఒక సాయంత్రం ఆ పెద్దమనిషి నోటూ కలమూ పట్టుకుని మొహమాటంగా వస్తాడు. "నా మీద నమ్మకం లేదా బాబాయ్?" అని మనకు కోపం వస్తుంది! నమ్మబట్టే గదా ఇచ్చింది. ఆయన రాకుండా ఊరుకుంటే నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టు దాన్ని పట్టించుకోదు. మరి మన అంతరాత్మకు కూడా కాలదోషం పడుతుందా? అక్క ఇచ్చిన ముప్పై వేలకు నోటే లేదు. కాగితం లేని అప్పును కాగితం ఉన్న అప్పు కన్నా తేలికగా చూడడం మన అలవాటు. కాగితం అడగనంత ప్రేమతో ఇచ్చినవారికి మనం ఇచ్చే ప్రతిఫలమా ఇది?

ఐ.పి. పెట్టడం అనే మాట మన ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1920 నాటి దివాలా చట్టం నిజంగా చితికిపోయినవాడికి ఊపిరి పీల్చుకునే వీలు ఇస్తుంది, ఇవ్వాలి కూడా. అటువంటివాడిని వేలెత్తి చూపడం పాపం. కానీ మేడ భార్య పేరిట, పొలం బావమరిది పేరిట మార్చి, చీటీలు కట్టిన పాచిపని వారి డబ్బుతో సహా ఐ.పి. పెట్టి, మరుసటి ఆదివారం ముందు వరుసలో నిలబడేవాడికి చట్టం ఇచ్చే రక్షణ వేరే చోట చెల్లదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం అప్పు తీర్చడాన్ని దానధర్మాల కింద చేర్చలేదు, న్యాయం కింద చేర్చింది. అంటే అక్కకు డబ్బు తిరిగి ఇచ్చిన రోజున మనం ఆమెకు ఉపకారం చేసినట్లు మొహం పెట్టే వీలు లేదు.

అప్పు ఇచ్చినవారికీ హద్దులున్నాయి. తిరుగలి రాయిని తాకట్టు పట్టవద్దని ద్వితీయోపదేశకాండం అంటుంది. అది బ్రతుకుతెరువు గనుక. పేదవాడి పైబట్టను తాకట్టు పట్టితే పొద్దు గూకేలోగా తిరిగి ఇచ్చెయ్యమంటుంది. తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి చొరబడవద్దు, బయటే నిలబడమంటుంది. 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో సూక్ష్మ రుణ సంస్థల మీద ఆర్డినెన్సు వచ్చినప్పుడు, సంఘాల వాయిదాలు పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే తీసుకోవాలని నియమం పెట్టారు. ఎన్ని వందల ఏళ్ల తరువాత అదే మాట! ఆ సంస్థల వసూళ్ల ఒత్తిడికి అప్పటికే ఎన్నో ఇళ్లు నలిగిపోయాయి గనుక ఆ కట్టడి అవసరమైంది. ఆ తరువాత జరిగింది కూడా చెప్పుకోవాలి. కట్టలేనివారితో పాటు కట్టగలిగినవారూ మానేశారు, చిన్న అప్పులు పుట్టడమే కష్టమైపోయింది.

మాఫీల విషయంలోనూ అంతే. 2008లో కేంద్రం రైతుల రుణాలు మాఫీ చేసింది. 2020 సెప్టెంబరు 11 నుంచి రాష్ట్రంలో డ్వాక్రా సంఘాల పాత బాకీల సొమ్మును ఆసరా పేరుతో నాలుగు విడతలుగా ఇచ్చారు. అందుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అక్క అప్పును మాఫీ చేసే ప్రభుత్వం ఏదీ లేదు. సర్కారు తీర్చిన బాకీ మేరకు మన చేతిలో మిగిలినదాంట్లో ఆమెకు ఎంత చేరింది?

సరే, ఇన్ని చెప్పాక అసలు కష్టం ఎక్కడుంది? ఓపిక నిలబెట్టుకోవడంలో. ఏడాది పాటు పొదుపు చేసి కట్టాక, అది వడ్డీకే సరిపోయింది, అసలు అసలుగానే ఉందని తెలిసిన రోజున మనిషి కూలబడిపోతాడు. ఆ నిస్పృహలోనే మందు షాపు దారి పట్టినవారున్నారు, ఇంకా ఘోరం తలపెట్టినవారూ ఉన్నారు. దీనికి పెద్ద ఉపాయాలేవీ నా దగ్గర లేవు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఇంట్లో దాచకండి. భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు, భార్య చీటీ పాడి తెచ్చింది భర్తకు తెలియదు, పిల్లలకు రెండూ తెలియవు. పరువు కోసం అప్పు తీర్చాలనుకుంటాం, ఆ పరువు కోసమే దాచి రెట్టింపు చేసుకుంటాం.

రాజుల రెండవ గ్రంథంలో ఎలీషా దగ్గరకు వచ్చిన వితంతువు కథ మీకు తెలిసిందే. బాకీ కింద అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ బానిసలుగా పట్టుకుపోవడానికి వస్తున్నాడు. ప్రవక్త ఆమెను ఎంత బాకీ అని అడగలేదు, ఇంట్లో ఏముందని అడిగాడు. ఒక కూజాలో నూనె ఉంది. ఇరుగుపొరుగుల దగ్గర వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. నాకు ఈ చోటే ఎప్పుడూ మనసు ఆగుతుంది. పాత్రల కోసం ఇల్లిల్లూ తిరిగిందంటే ఆమె కష్టం వీధి వీధికీ తెలిసిందన్నమాట. కొడుకులు పాత్రలు అందిస్తే ఆమె పోసింది. నూనె అమ్మి ముందు బాకీ తీర్చమన్నాడు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బ్రతకమన్నాడు. బాకీ తీర్చి చచ్చిపొమ్మనలేదు.

కాబట్టి ఒక పాత నోటు పుస్తకం తీయండి. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంటే ఆమె చేతే రాయించండి, దస్తూరీ బాగుంటుంది. ఎవరికి ఎంత, ఏ వడ్డీకి, ఎప్పుడు తెచ్చింది. కాగితం లేని అప్పులు మొదటి పేజీలో రాయించండి. అందరికన్నా చిన్న బాకీ ఒకటి ఈ పంటకు పూర్తిగా కొట్టివేయండి. లెక్క ప్రకారం అది మొదట తీర్చవలసినది కాకపోయినా సరే, ఒక పేరు మీద అడ్డగీత పడడం చూస్తే ఇంటిల్లిపాదికీ చేతుల్లో సత్తువ వస్తుంది. వడ్డీ లెక్కకు ఈమాత్రం ఎదురుచెప్పవచ్చునని నా అభిప్రాయం. పిల్లల ఫీజూ ముసలమ్మ మందులూ కూడా ఆ పుస్తకంలోనే రాయండి. వాళ్లూ మన దగ్గర అడగలేని బాకీదారులే.

అక్క దగ్గరకు పోవడం మాత్రం వాయిదా వేయకండి. బాకీ పడ్డ దగ్గర నుంచి ఆమె ఇంటికి రాకపోకలు తగ్గించి ఉంటారు. పండుగ పూజలో కనబడితే పక్క ద్వారం గుండా జారుకుని ఉంటారు. ఆమె మీ డబ్బు కన్నా దానికే ఎక్కువ బాధపడి ఉంటుంది. ముప్పై వేలూ కూడాక వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లలేరు. ఐదు వందలు తీసుకుని బాపట్ల బస్సెక్కండి. ఇవి ఇస్తున్నాం, సంక్రాంతి ధాన్యం అమ్మాక ఇంత ఇస్తాం అని నోటితో చెప్పండి. ఆమె "ఇప్పుడేం తొందర తమ్ముడూ, ఉంచుకో" అంటుంది. నోటు మడిచి ఆమె చేతిలో పెట్టే రండి. ఆమె కూడా ఎవరికో కట్టవలసి ఉంటుంది.