గుంటకొక తీగ

ద్రాక్ష అనగానే మన కళ్లముందు పందిరి నిలుస్తుంది. రాతి కూసాలు, వాటిమీద అల్లుకున్న తీగలు, తలెత్తితే వేలాడే గుత్తులు. లాన్సరోటే దీవిలో మాత్రం ద్రాక్షను వంగి చూడాలి. నల్లటి నేలలో మూకుడులా తవ్విన గుంట, దాని అడుగున ఒకే ఒక్క తీగ, అంచున నెలవంకలా పేర్చిన రాళ్లు. దాని పక్కన ఇంకో గుంట, ఆ పక్కన మరొకటి, కొండవాలు పొడవునా వేలకు వేలు. ఆ లోయ పేరు లా హేరియా. మొదటిసారి ఫొటోలో చూసినప్పుడు అది ఒక పొలమని నాకు తట్టనేలేదు. తెలిశాక చూపు తిప్పుకోలేకపోయాను.

ఆఫ్రికా పడమటి తీరానికి చేరువలో, అట్లాంటిక్‌లో ఉన్న స్పెయిన్ దీవి లాన్సరోటే. 1730 సెప్టెంబరు 1 రాత్రి తిమాన్‌ఫాయా దగ్గర భూమి పగిలి నిప్పులు కక్కింది. 1736 దాకా చల్లారలేదు. ఊళ్లు లావా కింద పోయాయి. గింజలు పండే మంచి చేలమీద నల్లటి అగ్నిపర్వత రవ్వ మేటలు వేసింది. ఆ రోజులను డైరీలో రాసిపెట్టిన యైసా ఊరి చర్చి గురువు కూడా చివరికి దీవి వదిలి వెళ్లిపోయాడు. ఆ నేలనే నమ్ముకున్న రైతులు చేసిన పని తలుచుకుంటే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. వాళ్లు రవ్వను తవ్వారు. ఒక మనిషి లోతు, కొన్నిచోట్ల మూడు మీటర్లు. అడుగున తమ తాతలు దున్నిన మట్టి చేతికి తగిలేదాకా తవ్వి, అందులో తీగ నాటారు. నేలను పూడ్చేసిన ఆ రవ్వనే మళ్లీ తీగ మొదట్లో దుప్పటిలా పరిచారు.

అసలు అద్భుతమంతా ఆ దుప్పటిలో ఉంది. కరువు సీమ అనుకునే మన అనంతపురంలోనైనా ఏడాదికి 500 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. లాన్సరోటేలో పడేది సుమారు 150. పైన ఎండ, సముద్రం మీది నుంచి ఆగని గాలి. ఒట్టి మట్టి అయితే ఒక్కరోజులో పదును ఆరిపోతుంది. అక్కడివాళ్లు ‘రోఫే’ అని పిలుచుకునే ఈ రవ్వ గుల్లగుల్లగా ఉంటుంది. చినుకు పడితే పైన నిలవనీయదు, పారనీయదు, నేరుగా కింది మట్టికి దింపేస్తుంది. రాత్రి గాలిలోని చెమ్మను తన మీద మంచుగా పట్టుకుంటుంది. ఇక మట్టిలోని నీరు, దీపపు వత్తి వెంట నూనె ఎక్కినట్టు, సన్నని సందుల వెంట పైకెక్కి ఆవిరి కావాలి కదా! రవ్వ గింజల మధ్య ఖాళీలు పెద్దవి. వత్తి అక్కడ తెగిపోతుంది. మధ్యాహ్నపు మంట కూడా వేళ్లదాకా దిగదు. మెత్తటి మన్నును గాలి ఎత్తుకుపోలేదు.

దుక్కి కొద్దీ పంట అంటారు మనవాళ్లు. ఆ మాట వింటూ పెరిగిన నాకు, దున్నకపోవడమే నేలను కాపాడే చోటు ఒకటుందని తెలిసి కొత్తగా అనిపించింది. నాగలి దిగితే మన్నూ రవ్వా కలుస్తాయి. గింజల సందులు మన్నుతో పూడి, తెగిన వత్తి మళ్లీ అతుక్కుంటుంది. అప్పుడు ఆ రవ్వ ముసలిదైపోయినట్టే, కొత్తది తెచ్చి పరచాలి. అందుకే కలుపు చేత్తో తీస్తారు. ఎరువు వేయాలంటే ముందు రవ్వను ఓ పక్కకు తోసి, మట్టికి తినిపించి, మళ్లీ కప్పుతారు. పసిబిడ్డ దుప్పటి తొలగించి పాలు పట్టి తిరిగి కప్పే తల్లి పని అది. యంత్రం దూరడానికి ఆ గుంటల మధ్య చోటులేదు. ఎకరాకు ఎంత దిగుబడి అని అడిగితే చిన్న లెక్కే చెబుతారు. ఆ చిన్న లెక్క నాకు పెద్దగానే కనిపిస్తుంది.

రాళ్ల నెలవంకలకూ పని ఉంది. ఈశాన్యం నుంచి వీచే గాలికి అవి వీపు చూపిస్తాయి. వాటి చాటున తీగ నేలకు ఆనుకుని, చేతులు చాపుకుని పడుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటలను ఫైలోక్సెరా అనే వేరుపురుగు తుడిచిపెడితే, అది సముద్రం దాటి ఈ దీవికి రాలేదు. అక్కడ చాలాచోట్ల పురుగును తట్టుకునే అమెరికా వేళ్లమీద అంటుగట్టిన తీగలు బతుకుతుంటే, ఇక్కడి మాల్వసీయా రకం ద్రాక్ష తన సొంత వేళ్లమీదే, అగ్నికి ముందటి మట్టిలో నిలబడింది.

జులై చివరికే కోత మొదలవుతుంది. గంప పట్టుకుని మనిషి గుంటలోకి దిగుతాడు, మోకాళ్లమీద కూర్చుని ఆకుల కింద చెయ్యి పెడతాడు. ఆ తర్వాత ఏడాది పొడవునా గాలి రవ్వను కొంచెం కొంచెంగా గుంటలోకి జారుస్తూనే ఉంటుంది. అతను పార తీసుకుని మళ్లీ దిగి, దాన్ని గట్టుమీదికి ఎత్తిపోస్తాడు.