వినోదవ్యయము

ధనమును వ్యర్థము చేయరాదని చెప్పని నీతిశాస్త్రము లేదు. ఏది వ్యర్థమో తేల్చి చెప్పుట మాత్రము అంత సులభము కాదు. అన్నవస్త్రములకు, విద్యకు, ఔషధములకు పెట్టునది సద్వ్యయమనుటలో వివాదము లేదు. జూదమునకు, మద్యమునకు పెట్టునది దుర్వ్యయమనుటలోను వివాదము లేదు. ఈ రెంటి నడుమ విశాలమైన బయలొకటి కలదు. ఎవరికిని కీడు చేయనిది, ఎవరి కడుపును నింపనిది, కొన్నవాని మనసునకు మాత్రము ముచ్చట గొలుపునది అగు వస్తువునకు పెట్టిన ధనము ఏ గట్టున చేరును? ఈ ప్రశ్నను మేము పుస్తకములలో గాక ఒక మిత్రుని యింట ఎదుర్కొంటిమి. ఆ దంపతులిరువురి సమ్మతితోనే ఆ వృత్తాంతమును ఇచట వ్రాయుచున్నాము.

మా మిత్రుడు హైదరాబాదు నివాసి, నడివయసువాడు, మితవ్యయియని పేరుపడినవాడు. బాల్యమున బేగంపేట విమానాశ్రయపు ప్రహరి ప్రక్కన నిలిచి, దిగు విమానములను వ్రేళ్లపై లెక్కించుచు బడికి వేళ మించినది మరచెడివాడట. అతడు జపాను దేశమున తయారైన ఒక విమానపు నమూనాను తెప్పించెను. రెండవ ప్రపంచయుద్ధమునాటి స్పిట్‌ఫైరు అను యుద్ధవిమానమును ముప్పది రెండవ వంతునకు కుదించి చేసినది అది. అసలు విమానమునకు ఒక రెక్క కొననుండి రెండవ రెక్క కొనవరకు 11 మీటర్లకు పైగా నుండగా, నమూనాలో ఆ కొలత 35 సెంటీమీటర్లు మాత్రమే. వస్తువు ధర, రవాణా, సుంకము అన్నియు కలిసి 18,000 రూపాయలైనవి. మన ప్రభుత్వమువారు ఆటవస్తువుల దిగుమతి సుంకమును 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని హెచ్చించిరి. నడివయసువాని నమూనావిమానమును పసివాని గిలకయు సుంకపుపట్టికలో ఒక్క శీర్షిక క్రిందనే యున్నవి.

ఇన్ని విమానములుండగా ఈ విమానమే ఏలయని అడిగితిమి. అతడు చెప్పిన కారణము వినదగినది. ఇంగ్లండు వైమానికదళమున 152వ దళమునకు హైదరాబాదు దళమని పేరు. దానికి ధనమిచ్చినవాడు నిజాము ప్రభువు. ఆ దళపు చిహ్నముపై నిజాము తలపాగా యుండెను. 1940లో ఇంగ్లండుపై జర్మనుల విమానములు విరుచుకొని పడినపుడు ఈ దళమువారు స్పిట్‌ఫైరులపైననే పోరాడిరి. అంతకు పూర్వము 1918లోను 110వ దళమునకు మొదటి విమానములను నిజామే దానము చేయగా, ఒక్కొక్క విమానముపై దాత పేరు వ్రాయించిరి. మన ఊరిపేరు మోసిన విమానమును తన చేతులతో నిర్మింపవలెనని మిత్రుని కోరిక. కోరిక మంచిదే. కాని ఆ దానములకు ఏ ప్రజాసభ సమ్మతియు అవసరము లేకపోయెనను సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఆ సంగతితో మాకు మరల పని కలదు.

ఇట్టి వ్యయమును గర్హించువారు మూడు ఆక్షేపణలు చేయుదురు.

మొదటిది, ఇది పిల్లల ఆట యనునది. ఈ మాట చెప్పువారు ఆ పెట్టెను తెరచి చూడలేదు. పెట్టెలో విమానముండదు. చట్రములకు అంటియున్న వందలకొలది ప్లాస్టిక్కు తునకలుండును. ఒక్కొక్కదానిని కత్తిరించి, అంచు నునుపుచేసి, పటములో చూపిన వరుసను అతుకవలెను. ఇందు వాడు జిగురు జిగురు కానేకాదు. అది రెండు అంచులను కరగించి ఒక్కటిగా కలిపివేయును. తప్పుగా అతికినచో విడదీయుట కష్టము. పిదప గాలితో రంగును మంచువలె చిమ్ము చిన్న పరికరముతో పూతపై పూత వేయవలెను. నెలలకొలది సాయంకాలములు ఈ పనికి పట్టును. అన్నిటికంటె మమ్ములను ఆశ్చర్యపరచినది వేరొకటి. చోదకుని పీఠమును, దాని పట్టీలను, ఎదుటనున్న గడియారములవంటి సాధనములను సన్నని కుంచెతో రంగులు దిద్ది అమర్చిన పిమ్మట, విమానపు దేహము రెండు సగములను మూసివేయుదురు. అటు తరువాత అందులో చాలభాగము ఎవరికిని కనబడదు. కనబడని దానికింత శ్రమ యేల యంటిమి. “ఉన్నదని నాకు తెలియును గదా” యనెను. ఎవరును చూడనిచోట పని చక్కగా చేయుట పిల్లల ఆట యగునా? మన కచేరీలలో, మన వంతెనలలో, మన గోడల లోపలి ఇటుకలలో ఈ గుణమే యున్నచో దేశమునకు కొరత యేమి?

రెండవ ఆక్షేపణ, దీనివలన ప్రయోజనము లేదనునది. దీనికి కొందరు చరిత్రతో బదులుచెప్పుదురు. 1871లో పారిసు నగరమున ఆల్ఫోన్సు పెనో అను నతడు మెలిపెట్టిన రబ్బరుతో తిరుగు చిన్ననమూనాను సుమారు 40 మీటర్లు ఎగురవేసెను. 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు ఆ పెనో పద్ధతిని చేసిన ఎగురు బొమ్మను తన కుమారులకు తెచ్చియిచ్చెను. అది విరిగిపోగా ఆ బాలురు తామే మరియొకటి చేసికొనిరి. విల్బరు రైటు, ఆర్విలు రైటు అను ఆ సోదరులే 1903లో మనుష్యుని మోయు విమానమును నడపిరి. ఈ కథ సత్యమే. కాని దీనిని మా మిత్రుని పక్షమున సాక్ష్యముగా తెచ్చుటకు మే మిష్టపడము. అతడు క్రొత్త విమానమును కనిపెట్టబోవుట లేదు. ఆ మాట అతడును ఎరుగును. ప్రతి వినోదమునకును ఒక ప్రయోజనపు ముసుగు తొడుగుట వినోదమును అవమానించుటయే. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టునపుడు మన తల్లులు దాని ప్రయోజనమేమని విచారించిరా? కొండపల్లివారు పునికికొయ్యను, ఏటికొప్పాకవారు అంకుడుకొయ్యను తరతరములుగా బొమ్మలుగా మార్చుచున్నారు. ప్రయోజనమొక్కటే కొలబద్ద యైనచో ఆ రెండు ఊళ్లును ఏనాడో పాడుపడియుండవలెను. మనుష్యుడు పనికొరకే పుట్టలేదు. ముచ్చటకు కొంత చోటు లేని బ్రతుకు గానుగయెద్దు బ్రతుకే.

మూడవ ఆక్షేపణ బరువైనది. పేదలున్న దేశమున ఒక బొమ్మకు 18,000 రూపాయలా? దీనిని తేలికగా త్రోసివేయువాని హృదయమును మేము శంకింతుము. ఐనను ఈ మాట ఎవరి నోట వచ్చుచున్నదో కూడ చూడవలెను. కూతురి పెండ్లిపందిటి పూలకే లక్షలు పోసినవారు, వడ్డించి పారవేసిన విస్తళ్లతో ఊరివారి కడుపులు నింపగలిగినవారు, ఈ చిన్నపెట్టెను చూచి వ్రేలు చూపుట మేమెరుగుదుము. పదిమంది మెప్పునకై చేసిన దుబారాకు మర్యాదయని పేరుపెట్టి, ఒక్కడు ఒక మూలకూర్చుండి పడిన ఆనందమునకు దుర్వ్యయమని పేరుపెట్టుట న్యాయము కాదు. ఇతరుని తప్పు మన తప్పునకు జవాబు కాదనునదియు నిజమే. కావున మా సిద్ధాంతమిది: తన రాబడిలో పరులకు ఈయవలసిన పాలును ముందుగా తీసి యిచ్చినవాడు, మిగిలినదానిలో కొంత తన ముచ్చటకు వినియోగించుకొనుటలో దోషము లేదు. ముచ్చట తీరిన పిదప మిగిలినచో దానమిత్తుననువానికి ఎన్నడును మిగులదు.

ఇంతవరకు మేము మిత్రుని పక్షముననే వాదించితిమి. ఇక అతనిపై మాకుగల అభియోగములను చెప్పవలెను.

అతని యింట అటకమీద ఇట్టి పెట్టెలు పదునొకండు విప్పకయే యున్నవి. ఏడాదికి రెండు నమూనాలు ముగింపగలవాడు ఏడాదికి ఆరు కొన్నచో ఫలితమేమగునో చిన్నబడి లెక్కయే చెప్పును. ఈ వ్యసనము అతనికొక్కనికే కాదు. ఇట్టి వినోదము గలవారు ఏ దేశమువారైనను ఈ రాశినిగూర్చి నవ్వుచునే చెప్పుకొందురు. పుస్తకములు కొని చదువని మావంటివారును ఆ నవ్వునకు పాత్రులే. ఇందలి మోసమును గుర్తింపవలెను. నమూనా వెల రూపాయలతో సగమే తీరును. తక్కిన సగమును సాయంకాలములతో, ఓర్పుతో, చెడిపోయిన భాగమును మరల చేయుటతో తీర్పవలెను. రెండవ సగమును చెల్లించు ధైర్యము లేనివాడు మొదటి సగమునే మరల మరల చెల్లించుచు, చేసినంత తృప్తిని కొనుటలోనే పొందజూచును. పెట్టె ఇంటికి వచ్చిన దినపు సంతోషమునకు ఆయువు రెండు దినములు. చేసిన వస్తువు ఇచ్చు సంతోషము దానిని చూచిన ప్రతిసారి తిరిగి పుట్టును. దుర్వ్యయమని మేమనునది దీనిని. 18,000 రూపాయలు పెట్టి నెలల తరబడి శ్రమించినవాడు దుబారామనిషి కాడు. వేయి రూపాయల పెట్టెనైనను కొని అటకెక్కించినవాడు దుబారామనిషియే.

రెండవ అభియోగము ఇంతకంటె గొప్పది. అతడు ఈ నమూనా వెల మూడువేలని భార్యతో చెప్పెను. పొట్లముపై సుంకమువారంటించిన చీటిలో అసలు వెల యుండెను. ఆమె దానిని చదివి, సాయంకాలము అతడు ఇంటికి వచ్చినపుడు కోపపడక ఇట్లనెనట: “డబ్బు పోయినందుకు కాదండీ. నా వీణకు తంతులు మార్పించి ఆరేండ్లైనది. అడుగుటకు నాకు నోరు రాలేదు. మీకు అడుగవలసిన పనియే లేకపోయినది.”

ఆ వీణ ఆమె పుట్టినింటినుండి తెచ్చుకొన్నది. బొబ్బిలి ప్రాంతమున ఒక్క పనసమ్రానునుండి తొలిచి చేసినది. దానిని బాగుచేయించుటకు ఆ పెట్టె వెలలో పదవవంతైన కాకపోవును. ఆ ఆరేండ్లలో ఆ యింట ధనము లేకపోలేదు. ఉన్నది గనుకనే అటకపై పదునొకండు పెట్టెలు చేరినవి. లేనిది ధనము కాదు, ఆమె ముచ్చటకును ఈ యింట ఖర్చుండవచ్చునను ఊహ. ఆ ఊహ మిత్రునికి తట్టలేదు. అంతకంటె శోచనీయమేమనగా, ఆమెకును తట్టలేదు. పసుపుకుంకుమలకును, పిల్లల ఫీజులకును, అత్తగారి మందులకును ఆమె చేయిచాపి అడుగగలిగెను. తన వ్రేళ్లు కోరిన నాదమునకు మాత్రము అడుగలేకపోయెను.

వ్యయమునందలి నీతికి మొదటి పరీక్ష ఈ సంఘటనలో మాకు దొరికినది. వెలను దాచవలసివచ్చిన వస్తువును కొనరాదు. దాచువాడు తన తప్పును తానే తీర్పుచెప్పుకొన్నవాడు; తీర్పును వినుటకు మాత్రము ఇష్టపడనివాడు. ఇంటిలో ఒకరి విలాసమునకు లెక్క లేక, రెండవవారి అవసరమునకు సైతము లెక్క యున్నపుడు ఆ యింట నడచునది దాంపత్యము కాదు, చిన్నపాటి సంస్థానము. నాటి ప్రభువు విమానములు దానముచేయుటకు ప్రజలనడుగలేదని చెప్పుకొంటిమి. ఆ ప్రభుత్వము 1948లో గతించినది. కాని భార్యనడుగక బొమ్మవిమానమును కొనుచు, ఆమె ప్రతి రూకకును లెక్క అడుగు ప్రభువు మన ఇండ్లలో ఎందరి రూపమున ఏలుచున్నాడో మగవారు ఎవరికి వారే చూచుకొనవలెను. ఆమె ఉద్యోగము చేసి సంపాదించు ఇండ్లలోను ఈ వరుస మారినదని చెప్పుటకు మాకు ధైర్యము చాలకున్నది.

కేవలము దూషించి విడుచుట సంస్కారము కాదు గనుక ఒక ఉపాయము చెప్పుదుము. నెలరాబడిలో గృహవ్యయమును, పొదుపును, దానమును తీసిన పిమ్మట, భార్యాభర్తలిరువురును సమానమైన చిన్నమొత్తమును వేరుపరచుకొనవలెను. అది నూరు రూపాయలైనను సరే, వేయియైనను సరే. దానికి ఒకరినొకరు లెక్క అడుగరాదు. ఒకరిది చెల్లిన పిదప రెండవవారిదానిపై కన్ను వేయరాదు. ఖరీదైన వస్తువు కావలెనన్నచో నెలలకొలది కూడబెట్టవలెను. కూడబెట్టు కాలమున సగము కోరికలు తామే రాలిపోవును. రాలిపోక నిలిచినది నిజమైన కోరిక. ఇక రెండవ పెట్టె కొనుటకు మొదటి పెట్టె ముగియవలెనను నియమమును ఎవరికి వారే పెట్టుకొనవలెను.

మిత్రుడు ఈ ఏర్పాటునకు ఒప్పుకొనెను. అటకమీది పెట్టెలలో ఆరింటిని ఈ వినోదముగల ఇతరులకు అమ్మివేసెను. మేము ఇటీవల వారింటికి పోయినపుడు స్పిట్‌ఫైరు రెక్కలు అతికి, రంగు వేయకయే బల్లపై నుండెను. ఎడమరెక్క అతుకు కొంచెము వంకరగా వచ్చినదని చూపి, దానిని ఎట్లు సరిదిద్దవలెనాయని అతడు చింతించుచుండెను. లోపలిగదిలో ఆమె క్రొత్త తంతులను శ్రుతిచేయుచుండెను. ఆరేండ్ల ఎడబాటువలన వ్రేళ్లు మాట వినుట లేదని ఆమెయు చింతించుచుండెను. ఆ రెండు చింతలును మాకు శుభముగనే తోచినవి.