నూట ఎనిమిదిలోని తొమ్మిది

జపమాలకు 108 పూసలు ఎందుకన్న ప్రశ్నకు పౌరాణికులు చెప్పే కారణాల్లో ఒకటి, ఆ అంకెలను కూడితే తొమ్మిది వస్తుందని, తొమ్మిదిని ఎన్ని రెట్లు చేసినా అంకెల మొత్తం చివరికి తొమ్మిదికే చేరుతుంది గనుక అది మార్పులేని పరబ్రహ్మానికి గుర్తని. లెక్క నిజమే, కానీ ఆ గుణం తొమ్మిది అనే సంఖ్యదా, దాన్ని రాసే పద్ధతిదా అన్నది తేల్చుకోవలసి ఉంది.

స్థానం మారినప్పుడల్లా విలువ పదిరెట్లయ్యే రాతకు పది ఆధారం. 10, 100, 1000లలో దేన్ని తొమ్మిదితో భాగించినా ఒకటే మిగులుతుంది కనుక, ఏ స్థానంలోని అంకె అయినా శేషానికి తన సొంత విలువనే ఇస్తుంది. తొమ్మిది మహిమ ఇంతే. ఆధారం నాలుగైతే ఆ గౌరవం మూడుకు, పదహారైతే పదిహేనుకు దక్కుతుంది.

నాలుగు ఆధారం తెలుగువారికి పరాయిది కాదు. పాత లెక్కల్లో పూర్ణాంకాలు పదుల్లో నడిచినా, భిన్నాలు నాలుగుల్లో దిగేవి: ఒకటిలో నాలుగోవంతు కాలు, కాలులో నాలుగోవంతు వీసం, వీసంలో నాలుగోవంతు కాని. ఒక మెట్టుకు నిలువు గీతలు, తర్వాతి మెట్టుకు అడ్డగీతలు వాడిన ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లోనూ చోటు దొరికింది. 1957లో దశాంశ నాణేలు వచ్చేదాకా మదనపల్లె, పుంగనూరు అంగళ్లలో చెల్లిన రూపాయికి నాలుగు పావలాలు, పదహారు అణాలు, అరవై నాలుగు కానులు.

108ని నాలుగు ఆధారంలో రాస్తే 1230; అంకెల మొత్తం ఆరు, తొమ్మిది జాడే లేదు. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకు దేవళాలీ గణితజ్ఞుడు ద. రా. కాప్రేకర్ ఆనందమిచ్చేవన్న అర్థంలో హర్షద సంఖ్యలని పేరు పెట్టాడు. 108 పది ఆధారంలోనూ, రెండు, మూడు, నాలుగు ఆధారాల్లోనూ హర్షదమే. ఐదులో మాత్రం 413 అయి, ఎనిమిదితో భాగింపబడక ఆ పదవి పోగొట్టుకుంటుంది. ఏ ఆధారంలోనైనా హర్షదాలుగా నిలిచేవి 1, 2, 4, 6 మాత్రమే. 108 ఒకటి, రెండు వర్గం, మూడు ఘనం, ఈ మూడింటి లబ్ధమన్నది మాత్రం ఏ రాతలోనూ చెదరదు. ఆ సంఖ్యను పూజించదలచినవారికి ఇదే గట్టి ఆధారం.

ఒకే గీత స్థానభేదం వల్ల ఒకటి, పది, వంద అని వ్యవహరింపబడుతుందని యోగసూత్ర వ్యాసభాష్యమూ, శంకరుల బ్రహ్మసూత్రభాష్యమూ ఏనాడో దృష్టాంతంగా చెప్పాయి. తొమ్మిదిని పొగిడేవారు దీన్ని ఎందుకు మరిచారో తెలియదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బోధలోనూ పేరు, వస్తువు వేరన్న హెచ్చరిక పదేపదే వినిపిస్తుంది. అంతమాత్రాన పౌరాణికుని తొమ్మిది అబద్ధం కాదు: పది వేళ్ల మనిషి పదుల్లో లెక్కించినంత కాలం, ఉపాసకుడికి ప్రతిమ ఉన్నట్టే, అది అతనికి ఉంటుంది.

రాసే పద్ధతి మారితే భిన్నాల తీరూ మారుతుంది: కుప్పం దాటి తమిళ సీమకు వెళ్తే పాత భిన్నాల్లో ఒకటైన ముందిరి 320వ వంతు. ఐదోవంతు అక్కడ సరిగ్గా 64 ముందిరులతో ముగుస్తుంది. తెలుగు గీతల్లో అదే ఐదోవంతు మూడు వీసాలతో మొదలై, 256లో మూడు వంతులు, 4096లో మూడు వంతులుగా ఎంతకీ తెగదు. నాలుగు యొక్క ఏ ఘాతాన్నీ ఐదు నిశ్శేషంగా భాగించలేదు గనుక.