నదిని కొలిచిన కొలనూలు



దేవాలయపు గడప క్రింద నుండి ఊట బయలుదేరడం, అది చేరిన చోటల్లా ఉప్పునీరు మంచినీరై చేపలు బ్రతకడం యెహెజ్కేలు 47వ అధ్యాయంలో చదువుతాం. అందులో ఒక చిన్న విషయాన్ని మనం గమనించం. ప్రవక్తను నడిపించినవాని చేతిలో కొలనూలు ఉంది. వెయ్యి మూరల చొప్పున నాలుగుసార్లు కొలిచాడు. చీలమండల లోతు, మోకాళ్ళ లోతు, నడుము లోతు నీటిలో ప్రవక్తను నడిపించాడు. ఆ తరువాతే, చూశావా అని అడిగాడు. నది వలన కలిగే స్వస్థతను వివరించక ముందే నదిని చూడడం నేర్పాడు.

మన మూసీని అలా చూస్తున్నామా? అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది హైదరాబాదు మురుగును, కర్మాగారాల వ్యర్థాలను మోసుకొని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మనం వంతెన మీద ముక్కు మూసుకొని దాటిపోతాం. దిగువ గ్రామాల రైతు దాటిపోలేడు. ఆ నీటితోనే వరి, పశుగ్రాసం పండిస్తాడు. నా పొరుగువాడెవరు అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఇదే: నా మురుగు కాలువకు దిగువన ఉన్నవాడు.

మన జ్ఞానం ఇంద్రియాలతోనే మొదలవుతుందని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. నది చెడిపోయిందని నిట్టూర్చడం చాలదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత చెడిందో తెలియాలి. మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడేస్తే చేపలకు ఊపిరాడదు. స్నానానికి పనికివచ్చే నీటిలో అది లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. దీనిని కొలిచే చిన్న పరీక్ష పెట్టెలు దొరుకుతాయి.

కనుక ప్రతి విచారణలోని యువతీ యువకులు ఒక సైన్సు ఉపాధ్యాయుని తోడు తీసుకొని, దగ్గరి వాగునో చెరువునో ఎంచుకోండి. నెలకొకసారి, అదే చోట, అదే వేళకు నీటి రంగు, వాసన, వేడిమి, ఆమ్లత, ప్రాణవాయువు నోటుపుస్తకంలో వ్రాయండి. చేతి తొడుగులు వేసుకోండి, మురుగులో దిగకండి. ఒక్కరోజు లెక్కను ఎవరైనా త్రోసిపుచ్చవచ్చు. ఏడాది లెక్కను పట్టుకొని మునిసిపాలిటీకి, కాలుష్య నియంత్రణ మండలికి వెళ్ళినప్పుడు మన మాటకు ఆధారం ఉంటుంది.

కొలిచినంత మాత్రాన నీరు శుభ్రపడదు, నిజమే. యెహెజ్కేలు దర్శనంలోనూ బురద గుంటలు ఉప్పగానే మిగిలాయి. కాని కొలిచేవాడు ఈ మురుగు ఎవరిదని అడగక మానడు. ముందుగా తన ఇంటి మురుగు ఎటు పోతోందో చూసుకోక మానడు.

పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నాన జలాన్ని ఆశీర్వదించి, ఆ నీటిలోనే నూతన జన్మ పొందామని స్మరించుకుంటాం. నీటిలో పుట్టిన మనకు, నీటిని చూచే కన్నులను ప్రభువు ప్రసాదించునుగాక. ఆమెన్.