తీరిక కూడా అమానతే

యూనివర్సిటీలో చదివే పిల్లలు కాసేపు ఆడుకుంటే అది కాలాన్ని వృథా చేయడమేనా? మన ఇళ్లలో తరచూ తలెత్తే ప్రశ్న ఇది.

మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి విద్యుత్ కేంద్రం 2016 నుండి కరెంటు ఉత్పత్తి చేస్తోంది. 1200 మెగావాట్ల ఆ కేంద్రంలోని యూనిట్లను కూడా మరమ్మతుల కోసం ఆపక తప్పదు. ఇనుప యంత్రానికే విరామం కావాల్సి వస్తే మనిషి మాటేమిటి?

హజ్రత్ అబూ దర్దా (రజి) పగళ్లు ఉపవాసాల్లో, రాత్రులు నమాజుల్లో గడిపేవారు. హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన్ని రాత్రి మొదటి భాగంలో పడుకోబెట్టి, చివరి భాగంలో లేపారు. ప్రభువుకు, దేహానికి, ఇంటివారికి ఎవరి హక్కు వారికి చెల్లించాలని బోధించారు. దైవప్రవక్త (సల్లం) ఆ మాటను సమర్థించారు. ఆరాధనకే మితం అవసరమైనప్పుడు చదువుకు అక్కర్లేదా?

అయితే, ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని కూడా ఆయన (సల్లం) హెచ్చరించారు. గని కార్మికుని షిఫ్టుకు ఎనిమిది గంటల హద్దుంది. సెల్‌ఫోనుకు ఏ హద్దూ లేదు. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరే వేళకు, హాస్టల్లో కొడుకు అప్పుడే ఫోను పక్కన పెట్టి కన్ను మూస్తే దాన్ని విశ్రాంతి అనగలమా? ఫజ్ర్ పోయింది, క్లాసు పోయింది, అలసటా తీరలేదు.

కనుక మనం చూసుకోవాల్సింది ఒక్కటే: తీరిక ముగిశాక ఉత్సాహంగా లేస్తున్నామా, మరింత బరువెక్కి లేస్తున్నామా? అస్ర్ తర్వాత గంటసేపు ఆట, మగ్రిబ్ తర్వాత పుస్తకం, ఇషా తర్వాత త్వరగా నిద్ర. నమాజు వేళలే మన రోజుకు హద్దురాళ్లు.

కాలాన్ని అమానతుగా కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.