పద్యనాటకమును వినువాడు

నాటకమున పాట యెందుకను ప్రశ్నకు మన పూర్వులు చెప్పిన సమాధానములలో నాకు మిక్కిలి ప్రియమైనది అభినవగుప్తునిది. క్రీ.శ. 1000 ప్రాంతమున కాశ్మీరమున జీవించి, భరతుని నాట్యశాస్త్రమునకు అభినవభారతి యను వ్యాఖ్యను రచించిన యా మహామనీషి, రసాస్వాదమునకు అడ్డుపడు విఘ్నముల నేడింటిని పరిగణించుచు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములలో మునిగియుండుటను వానిలో నొకటిగా పేర్కొనెను. తీరని బాకీని, ఎండుచున్న పైరును, పెండ్లి కుదరని కూతురును తలచుకొనుచు వచ్చి కూర్చున్నవాని మనస్సు పరుల కథయందెట్లు విశ్రమించును? ఆ విఘ్నమును తొలగించుటకే గానము, వాద్యము, అలంకృతమైన మండపము నాటకమున చేరినవనియు, వాని మహిమచేత హృదయము నిర్మలము కాగా, సహృదయుడు కానివాడు సైతము సహృదయుడగుననియు ఆయన సిద్ధాంతము. సంగీతము నాటకమునకు నగ కాదన్నమాట. నేను, నాది యను ముడిని కొంతసేపైనను సడలించు సాధనము. వేదాంతులు ఏకాంతమున సాధింపదలచినదానిని రంగస్థలము వేయిమంది నడుమ సాధింప యత్నించినది.

తెలుగుదేశమున నీ యత్నము సఫలమైన కాలమొకటి కలదు. 1880వ దశకమున బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకములలో పాటలకు పీటవేసిరి. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున కీచకవధతో ఒక కుటుంబము నాటకమునే కులవృత్తిగా స్వీకరించినది. అనంతరము అక్షరము రాని రైతు తిరుపతి వేంకటకవుల పద్యమును సమాసభంగము కాకుండ కంఠస్థము చేసి, నాగలి వెనుక నడచుచు పాడుకొనెను. ఏ పాఠశాలయు సాధింపలేని కార్యమిది.

కాటిసీనునే తీసికొందము. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన హరిశ్చంద్ర నాటకములోని యీ ఘట్టమున మనము వినుచున్న పద్యములలో కొన్ని జాషువ కవి శ్మశానమునుగూర్చి వ్రాసిన ఖండికలోనివి. నటులు వానిని తెచ్చి చేర్చిరి, ప్రేక్షకులు వానిని ఆ నాటకముననే పుట్టినవిగా అక్కున చేర్చుకొనిరి. చేత కర్రతో కాటికాపరియైన హరిశ్చంద్రుడు నిలుచును. పద్యము చివరిపాదము ముగిసిన పిదప రాగమందుకొనును; హార్మనిస్టు ఆతని కంఠమునకు అరక్షణము వెనుకగా నడచుచు, అది యెచ్చట నిలుచునో యచ్చటనే తానును నిలుచును. చంద్రమతి యొడిలో లోహితాస్యుడై పరున్న పిల్లవాడు అంతసేపును కదలరాదు. "వన్స్‌మోర్" అని కేక లేచినయెడల పద్యము మరల మొదలగును. చంద్రమతి మరల తల వంచుకొనును. పిల్లవాడు మరల ఊపిరి బిగపట్టును.

ఇది రసభంగమనువారు కలరు. వారి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు, ఏలన బళ్ళారి రాఘవయంతటి మహానటుడు రాగమును సాగదీయుటను నిరసించి, భావమునకే పట్టము కట్టెను. భరతుడు సైతము నాటకసిద్ధిని మానుషి, దైవికియని రెండుగా విభజించి, నవ్వులు, మెచ్చుకోళ్ళు, కేకలు, పులకలు మొదలైనవానిని మానుషియందు చేర్చి, ప్రేక్షకులతో నిండిన రంగమున సద్దు లేక, సంక్షోభము లేక ప్రదర్శన సాగుటను దైవికియనెను. ఆ లెక్కన వన్స్‌మోర్ మానుషసిద్ధియే. అయినను, నా యెఱుకలో ఆ కేక వేయువాడు అడుగునది కేవలము పద్యమును కాదు. తనది కాని, హరిశ్చంద్రునికి మాత్రమే చెందినదియు కాని, యెవరి సొత్తును కాని యా దుఃఖమున మరికొంతసేపు నిలువగోరుచున్నాడు. భజనలో ఒకే నామమును మరల మరల పలుకువానికి ఆ నామము పాతబడినదా?

దోషము వేరొకచోట ప్రవేశించినది. కాంట్రాక్టు నాటకముల కాలమున పేరుపొందిన నటులను వేర్వేరు ఊళ్ళనుండి రప్పించి, ఒకే నాటకములో పడకసీనున నొక కృష్ణుని, రాయబారమున మరియొక కృష్ణుని నిలిపిరి. ఆ కంఠములు సామాన్యమైనవి కావు. వానిని విన్నవారి భాగ్యము గొప్పది. కాని ప్రేక్షకుడు కృష్ణుని చూచుట మాని కృష్ణులను పోల్చుట నేర్చెను. తన యభిరుచికి తానే న్యాయాధిపతియై కూర్చుండెను. పాట తరిమివేసిన యహంకారము దొడ్డిదారిన మరల లోనికి వచ్చినది.

సినిమాను నేను నిందింపను. 1932లో వెలువడిన భక్తప్రహ్లాదలో సురభి కమలాబాయి నటించినది. నాటకమే తెరపైకి నడచిపోయినదని చెప్పవచ్చును. సినిమాహాలునందైనను అపరిచితులైన వందలమంది ఒకే చీకటిలో కూర్చుండి ఒకేసారి కంటతడి పెట్టిరి. నన్ను కలవరపెట్టునది నేటి సెల్‌ఫోను వినోదము. రెండు నిమిషముల పద్యము, దాని వెనుక మరియొకటి, నచ్చకున్న వ్రేలితో త్రోసివేయుట. మనమేది మెచ్చితిమో దానినే వెదకి తెచ్చి యెదుట పెట్టు యంత్రము. అభినవగుప్తుడు స్వార్థచింతకు ఔషధముగా చెప్పిన గానమే ఇచ్చట దానికి ఆహారమగుచున్నది. ప్రదర్శనశాలలో కూర్చున్నవాడు సైతము ఫోనెత్తి రికార్డు చేసికొనుచు, చంద్రమతి విలాపమును తరువాత వినుటకు దాచుకొనుచున్నాడు. ఆ క్షణమున ఆతడు ఆ సభలో లేడు.

వృద్ధులు తప్ప పద్యనాటకమునకు వచ్చువారు లేరని నాటకసమాజములవారు వాపోవుచు, కాలమునకు తగినట్లని ఒక్క కాటిసీనునో, ఒక్క రాయబారమునో విడదీసి గంటలో ముగించుచున్నారు. వారి కష్టము నెఱుగుదును. నటులకు దారిఖర్చులు, లైట్లకు అద్దె, మైకు ఖర్చు నడుమ రాత్రియంతయు నాటకమాడుట సులభము కాదు. అయినను, విశ్వామిత్రునికి రాజ్యమును ధారపోసిన చేతిని, కాశీవీధిలో భార్యను అమ్ముకొన్న నోటిని చూచియుండనివానికి కాటికాపరి ఎవడు? మంచి గొంతుక కలిగిన యొక గాయకుడు. తన బిడ్డ దహనమునకు కాటిసుంకము అడుగుచున్న తండ్రి వానికి కనబడవలెనన్నచో, అంతకుముందు గడచిన రంగములన్నియు వానియెదుట గడచియుండవలెను, వాడు ఆ రంగములకొరకు నిదుర మానియుండవలెను. సంవత్సరమున కొక్కటియైనను సంపూర్ణనాటకము నాడుడని నేను సమాజములను వేడుకొనుచున్నాను. దానికి నలుబదిమందియే వచ్చినను ఆడుడు.